పేరు లేదమ్మా, వెళ్లండి

ఓటు వేయనివాడికి ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు లేదట. ఈ వారం మా బస్టాపులో కొత్తగా అతికించిన పోస్టరు ఆ సంగతి చెబుతోంది. సిరా చుక్క ఉన్న వేలు చూపిస్తూ ఓ సినిమా హీరో నవ్వుతున్నాడు. చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. వేయనివాడి మాట సరే. పొద్దున్నే తయారై, గంటసేపు క్యూలో నిలబడి, ‘పేరు లేదమ్మా, వెళ్లండి’ అనిపించుకున్న మనిషి ఎవరిని నిలదీయాలో కూడా ఆ హీరోగారి చేత చెప్పించాల్సింది.

2018 డిసెంబరు 7 గుర్తుందా? తెలంగాణ అసెంబ్లీ పోలింగు రోజు. ఎంతోమందికి చేతిలో ఓటరు కార్డు ఉంది, జాబితాలో పేరు లేదు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల తన పేరు గల్లంతైందని ట్విటర్‌లో పెట్టింది కాబట్టి దేశానికి తెలిసింది. షామియానాల కింద పార్టీ ఏజెంట్ల బల్లలన్నీ తిరిగి, ఉసూరుమంటూ ఇంటికెళ్లిన వాళ్లలో ఎంతమందికి ట్విటర్ ఉంది? అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. పెద్దమనిషి తరహాలో చెప్పారు, కాదనను. కానీ క్షమాపణను బ్యాలెట్ యూనిట్‌లో వేయలేం కదా!

జరిగిందేమిటంటే, 2015లో జాబితాల ప్రక్షాళన పేరుతో ఓటరు కార్డులకు ఆధార్ కలిపే పని మొదలుపెట్టారు. ఆధార్ మీద ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చాక ఆపేశారు. ఆపేలోపే కత్తెర చాలా దూరం వెళ్లిపోయింది. 2014లో తెలంగాణ ఓటర్లు 2.81 కోట్లు. 2018 సెప్టెంబరు ముసాయిదాలో 2.61 కోట్లు. నాలుగేళ్లలో జనం పెరగాలా, తరగాలా? ఏడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి కదా అంటారు. ఆ ఏడు మండలాల్లో 20 లక్షల మంది ఓటర్లున్నారా? చనిపోయినవాళ్లు, రెండుచోట్ల పేర్లున్నవాళ్లు అని ఇంకో జవాబు. వాళ్లను తీసేయాల్సిందే. హైదరాబాద్ జాబితా నిండా వాళ్లే ఉన్నారనీ, మన పోలింగు శాతం నేల చూపులు చూడటానికి సగం కారణం అదేననీ నేనూ నమ్ముతాను. నా పేచీ తీసే పద్ధతితో.

పద్ధతి చట్టంలో ఉంది. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం, మీరు ఇక్కడ ఉండటం లేదని పేరు తీసేముందు మీ మాట వినాలి. ఒకసారి జాబితాకెక్కిన పేరును ఊరికే కొట్టేయడానికి వీల్లేదని 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మరి కింద ఏం జరుగుతోంది? మా వీధి బీఎల్వో, అంటే జాబితా చూసే బూత్ స్థాయి అధికారి, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ. పిల్లలకు గుడ్డు పెట్టి, బరువులు రాసి, రిజిస్టర్లు నింపి, ఆ తర్వాత ఫారాల సంచి భుజాన వేసుకుని మూడో అంతస్తు మెట్లెక్కుతుంది. బెల్లు కొడితే పలికేవాళ్లుండరు, ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులే. ‘రేపు ఆదివారం రండి మేడమ్’ అని ఫోన్‌లో చెబుతారు. ఆమెకు ఆదివారం లేదా? ఫారం మీద ‘డోర్ లాక్’ అని రాసుకుని దిగిపోతుంది. ఆ రెండు ముక్కలు పైకి వెళ్లేసరికి ‘నివాసం లేరు’ అయిపోతాయి. ఈ చాకిరీకి ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చేవారు, 2025లో 12,000 చేశారు. అంటే నెలకు వెయ్యి. ప్రజాస్వామ్యానికి పునాదిరాయి వేయించుకుంటూ మనం ఇస్తున్న కూలి అది.

ఇప్పుడు నా పాత పాట. పాఠకులు విసుక్కున్నా సరే, పాడతాను. ఓటరు జాబితాను బొమ్మల పీడీఎఫ్‌గా ఎందుకు పెడతారు? కంప్యూటర్‌లో తయారైన జాబితాను ఫొటోలా మార్చి, ఎవరూ వెతకడానికి వీల్లేకుండా వెబ్‌సైట్లో పెట్టడం ఏ తెలివి? నా ఒక్క పేరు నేను వెతుక్కోవచ్చు. మా కాలనీలో ఎన్ని పేర్లు ఎగిరిపోయాయో చూడాలంటే పేజీ పేజీ కళ్లు చిట్లించుకుని చదవాలి. వెతకడానికి వీలైన జాబితా కావాలని 2018లో కాంగ్రెస్ నేత కమల్‌నాథ్ సుప్రీంకోర్టుకు వెళ్తే చుక్కెదురైంది. డేటా దుర్వినియోగమవుతుందని ఎన్నికల కమిషన్ వాదన. పార్టీలన్నీ ఆ జాబితాలను మనుషులను పెట్టి టైపు చేయించుకుంటూనే ఉన్నాయి. వెతకలేనిది మామూలు ఓటరొక్కడే.

బీహార్‌లో 2025లో జరిగిన ప్రత్యేక సవరణ చూడండి. 7.89 కోట్ల మందిలో 65 లక్షల పేర్లు ముసాయిదాలో లేవు. ఎవరివి, ఎందుకు తీశారు అంటే జవాబు లేదు. కారణాలతో సహా జాబితా పెట్టమని, కార్డు నంబరుతో వెతికే వీలుండాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశిస్తే గానీ బయటికి రాలేదు. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. మొదటి సాధారణ ఎన్నికల్లో ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పని దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ఆ సంగతిని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ తన నివేదికలో తానే రాసి పెట్టారు. ఏ కోర్టూ అడగలేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలను అడగండి. అక్కడి పౌరులైనవాళ్లు చెబుతారు. 2002లో తెచ్చిన చట్టంతో, జాబితాలో పేరు దొరకని మనిషికీ చాలా రాష్ట్రాల్లో తాత్కాలిక బ్యాలెట్ ఇస్తారు. ఓటేసి కవరులో పెడితే, అర్హత తేలాక లెక్కలోకి తీసుకుంటారు. అక్కడి ఎన్నికలకు వంద జబ్బులున్నాయి, అది వేరే కథ. ఈ ఒక్కటి మాత్రం అరువు తెచ్చుకోదగ్గది. మనకు ఉన్నది టెండర్ ఓటు. మీ ఓటు ఇంకొకరు వేసేస్తేనే అది. మీ పేరునే ఎవరో లేపేస్తే ఏమీ లేదు. తప్పు ఆఫీసుది, శిక్ష మీకు.

అసలు జాబితాలో పేరుండి మాత్రం ఏం లాభం, ఎన్నికే పెట్టకపోతే? అసెంబ్లీ గడువు ఒక్కరోజు దాటితే గగ్గోలు పెట్టే మనం పంచాయతీల విషయంలో నోరు మెదపం. గడువు ముగిసేలోపే ఎన్నికలు జరగాలని రాజ్యాంగం 243-ఈ అధికరణలో రాసుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో ముగిసిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగాయి. మధ్యలో రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్‌నే ఆర్డినెన్సుతో ఇంటికి పంపితే, హైకోర్టు దాన్ని కొట్టేసింది. తెలంగాణలో 2024 జనవరి 31తో గడువు తీరితే 2025 డిసెంబరు దాకా సర్పంచుల్లేరు. రెండు రాష్ట్రాలు, మూడు పార్టీల ప్రభుత్వాలు, ఒకటే అలవాటు. పాలకవర్గాలు లేవని ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. చెత్త ట్రాక్టరుకు డీజిల్ కోసం పంచాయతీ కార్యదర్శులు జేబులో డబ్బులు తీసి పోశారు. గడువు దాటించినందుకు ఒక్క మంత్రికి గానీ, ఒక్క ముఖ్య కార్యదర్శికి గానీ సంజాయిషీ నోటీసైనా వెళ్లిందా?