అలాస్కా అంటే అరకు కాదు మరి!

సీతమ్మధారలో ఉదయం ఏడు గంటలు. సియాటిల్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర. ఇక్కడ రైతుబజారు నుంచి తెచ్చిన తోటకూర కట్టలు బల్లమీద ఉన్నాయి. అక్కడ ఆఫీసు నుంచి వచ్చిన కొడుకు లాప్‌టాప్ తెరిచాడు. వీడియో కాల్‌లో విషయం ఒక్కటే... వేసవిలో అమ్మానాన్నలు ఎలాగూ వస్తున్నారు కదా, అందరం కలిసి కార్లో అలాస్కా వెళ్లొద్దాం!

పిల్లలు అమెరికాలో, పెద్దలు ఇక్కడ ఉన్న ఇళ్లు సీతమ్మధారకి కొత్తేం కాదు. అలాంటి ఓ ఇల్లే అనుకుందాం. నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. నయాగరా అయింది, గ్రాండ్ కాన్యన్ అయింది. అమ్మకి మోకాళ్లు అంతంతమాత్రం. ఇంకో రెండేళ్లకి ఇంతదూరం రాగలరో లేదో. ఆ మాట ఎవరూ పైకి అనరుగానీ కొడుకు తొందరంతా అందుకే. సెలవు మాత్రం పది రోజులే దొరికింది.

నాన్నగారు డైరీ, పెన్ను తీశారు. సియాటిల్ నుంచి యాంకరేజ్‌కి రోడ్డుమీద దాదాపు 3,600 కిలోమీటర్లు. ఇంచుమించు విశాఖ నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చినంత. రోజుకి ఎనిమిది తొమ్మిది గంటలు బండి నడిపితే వెళ్లడానికి ఐదు రోజులు, రావడానికి ఐదు. లెక్క సరిగ్గా సరిపోయింది!

"మరి దిగడం ఎప్పుడురా?" వంటింట్లోంచి అమ్మ అడిగింది.

అంతే, ఇటు డైరీ మూతపడింది, అటు లాప్‌టాప్ కూడా.

ఇంకో చిక్కు కూడా ఉంది. సియాటిల్ నుంచి అలాస్కాకి కారు దారి కెనడా మీదుగానే పోతుంది. అమెరికా విజిటర్ వీసా చేతిలో ఉంది కదా అని బయల్దేరితే సరిహద్దు దగ్గర ఆపేస్తారు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న అమ్మానాన్నలకి కెనడా వీసా విడిగా కావాలి. హెచ్-1బి మీద ఉన్న కొడుక్కి, ఆ వీసాతోనే ఉన్న కోడలికి కూడా కావాలి. అమెరికాలో పుట్టిన మనవడికి మాత్రం అక్కర్లేదు! ఇంటిల్లిపాదిలో దర్జాగా సరిహద్దు దాటగలిగేది వాడొక్కడే.

ఆ దారిని తక్కువ చేయడానికి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ భయంతో 1942లో అమెరికా సైన్యం కొన్ని నెలల్లోనే అడవుల్లోంచి, బురదల్లోంచి వేసిన అలాస్కా హైవే అది. ఆ రోడ్డుమీద ఎక్కడ పెట్రోలు దొరుకుతుంది, ఎక్కడ బస దొరుకుతుంది అని మైలు మైలుకీ చెప్పే 'ది మైల్‌పోస్ట్' అనే పుస్తకం 1949 నుంచి వస్తోంది. నెలరోజుల తీరిక ఉన్నవాళ్లకి ఆ దారే ఓ యాత్ర. పది రోజుల వాళ్లకి విమానమే గతి. సియాటిల్ నుంచి యాంకరేజ్‌కి మూడున్నర గంటలు. అక్కడ దిగి కారు అద్దెకి తీసుకోవాలి.

రెండోరోజు కాల్‌లో కొడుకు కొత్త ప్లాను చదివాడు. యాంకరేజ్, సేవార్డ్, డెనాలి, ఫెయిర్‌బ్యాంక్స్, అక్కణ్నుంచి ఆర్కిటిక్ సర్కిల్ దాకా! పటంలో అన్నీ పక్కపక్కనే ఉన్నాయి మరి. అరకు బయల్దేరితే దారిలో బొర్రా గుహలు, కాఫీ తోటలు చూసుకుని రాత్రికి ఇల్లు చేరడం మనకి అలవాటు. అలాస్కా మన ఆంధ్రప్రదేశ్‌కి పది రెట్లు. 2020 లెక్కల ప్రకారం జనం ఏడు లక్షల ముప్ఫై మూడు వేలు. అంటే 2011 నాటి విశాఖ నగర జనాభాలో సగం కూడా లేరు. రాజధాని జూనోకి బయటి నుంచి రోడ్డే లేదు, పడవో విమానమో ఎక్కాల్సిందే. ఆర్కిటిక్ వైపు వెళ్లే డాల్టన్ హైవే చాలావరకు కంకర రోడ్డు. 240 మైళ్ల పాటు పెట్రోలు బంకు కనిపించని చోటు కూడా ఉంది. అద్దెకార్ల కంపెనీలు చాలావరకు ఆ రోడ్డెక్కడానికే ఒప్పుకోవు.

"ఆక్సిజన్ సిలిండర్ కూడా మోయాలేమోరా?" నాన్నగారికి లద్దాఖ్ వెళ్లొచ్చిన స్నేహితుడి కథ గుర్తొచ్చింది. ఆ బెంగ అక్కర్లేదు. యాంకరేజ్ నుంచి ఉత్తరానికి వెళ్లే పార్క్స్ హైవేలో ఎత్తయిన బ్రాడ్ పాస్ దాదాపు 2,400 అడుగులు. మన అరకులోయ అంతకంటే ఎత్తు! (పార్కుల మధ్య నుంచి పోతుంది కాబట్టి ఆ పేరు అనుకుంటారు చాలామంది. నిజానికి జార్జ్ పార్క్స్ అనే పాతకాలపు గవర్నరు పేరది.)

ఎత్తు సంగతి సరే, మబ్బుల సంగతే చూసుకోవాలి. డెనాలి 20,310 అడుగుల కొండ, ఉత్తర అమెరికా ఖండంలో అదే ఎత్తయినది. 2025లో అమెరికా ప్రభుత్వం కొండకి మళ్లీ మెకిన్లీ అని పాత పేరు పెట్టింది, పార్కు పేరు మాత్రం డెనాలియే. పేరేదైనా కొండ మబ్బుల చాటునే ఎక్కువ. వచ్చినవాళ్లలో మూడింట ఒకవంతుకే దర్శనమిస్తుందంటారు. ఒక్క రాత్రి ఉండి తెల్లారి వెళ్లిపోయేవాళ్లు మిగతా రెండువంతుల్లో చేరే ప్రమాదం ఎక్కువ. పైగా పార్కులోకి సొంత కారుని వేసవిలో పదిహేను మైళ్ల వరకే పోనిస్తారు. ఆపైన బస్సే. ఆ బస్సు రోడ్డు కూడా 43వ మైలు దాటాక కొండచరియ జారుతోందని 2021లో మూసేసి, వంతెన పని మొదలుపెట్టారు. వెళ్లే ఏడాది బస్సు ఎంతవరకు పోతుందో కనుక్కున్నాకే టికెట్లు కొనుక్కోవాలి.

మనవడికి ఇవేవీ పట్టలేదు. వాడికి కావలసినవి ఆకాశంలో పచ్చగా ఆడే వెలుగులు, నార్తర్న్ లైట్స్. స్కూలు సెలవులు జూన్‌లో. అప్పుడు యాంకరేజ్‌లో పగలే పందొమ్మిది గంటలు. చీకటి పడకపోతే వెలుగులెక్కడ కనిపిస్తాయి? వాడు అలిగి తెరముందు నుంచి లేచిపోయాడు. తిమింగలాలు, హిమనదాలు, దుప్పికి పెద్దన్నలాంటి మూస్ అని తాతగారు ఆశపెట్టి వెనక్కి పిలిచారు. జూన్, జూలైల్లో అక్కడ దోమలు కూడా దండిగానే ఉంటాయని ఎవరూ చెప్పలేదు. విశాఖ వాళ్లకి అదో లెక్కా!

అమ్మ అడిగినవి వేరు. గంటన్నరకోసారి బండి ఆగాలి. బాత్రూము ఉన్నచోట ఆగాలి. బసలో అన్నం వండుకునే వీలుండాలి. ఆవకాయ తీసుకెళ్లొచ్చా? గుడారాలు వేసే చోట్ల తిండి పదార్థాలన్నీ ఎలుగుబంట్లకి అందని పెట్టెల్లో దాచాలి. గదిలో ఉండేవాళ్లకి అంత బాధ లేదు. బీపీ మాత్రలు చేతిసంచిలో ఉండాలి, సూట్‌కేసులో కాదు. ఇన్సూరెన్స్ పాత జబ్బులకి ఎంతవరకు వర్తిస్తుందో కాగితాలు చదివాకే కొనాలి. ఊళ్లమధ్య వందేసి మైళ్లున్నచోట ఆసుపత్రి పక్కవీధిలో ఉండదు.

ఇంటర్నెట్ పటం డ్రైవింగ్ గంటలే చెబుతుంది. అమ్మ గంటలు దానికి తెలియవు. నాలుగున్నర గంటల దారి ఆమెతో ఏడు గంటలవుతుంది. ఆమెని చూసి ప్లాను మార్చడం కొడుక్కి మొదట చిన్నతనంగా అనిపించింది. "మీకోసమే కదమ్మా ఇదంతా" అన్నాడు కూడా. "మాకోసమైతే తగ్గించరా" అంది అమ్మ.

మూడో ఆదివారం నాన్నగారు మళ్లీ డైరీ తెరిచారు. పది రోజులు, తొమ్మిది రాత్రులు. దిగిన రాత్రి యాంకరేజ్. తర్వాత సముద్రం పక్కనే పోయే రోడ్డుమీద 127 మైళ్లు వెళ్లి సేవార్డ్‌లో మూడు రాత్రులు. ఒకరోజు పడవ, ఇంకోరోజు ఎగ్జిట్ హిమనదం, అదీ అమ్మ నడవగలిగినంతే. మళ్లీ యాంకరేజ్‌లో ఒక రాత్రి నడుం వాల్చి, 240 మైళ్ల దూరంలోని డెనాలి దగ్గర మూడు రాత్రులు. మబ్బు ఉంటే ఉంటుంది, మూడు పొద్దులు ఎదురుచూడొచ్చు. ఆఖరి రాత్రి యాంకరేజ్.

ఫెయిర్‌బ్యాంక్స్ మీద ఎర్రసిరాతో గీత పడింది. ఆర్కిటిక్ సర్కిల్ మీద ఇంకో గీత. "అంతదూరం వెళ్లి అది చూడకుండానా?" అని కొడుకు ఒకసారి అన్నాడు. నాన్నగారు పెన్ను మూత పెట్టేశారు. డెనాలి దగ్గర గదులు త్వరగా అయిపోతాయట, ముందు అవి బుక్ చేయమన్నారు. కింది అంతస్తులో అయితే మంచిదని వెనకనుంచి అమ్మ అంది.