ఆడేవాళ్ళని అడిగి కట్టాలి

మా కాలనీ పార్కులో ఒక మూల సిమెంటు వాలు ఉంది. కట్టి మూడేళ్ళయింది. ఆ రోజు కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు, అందరం ఫోటోలు దిగాం. పిల్లల స్కేటింగు కోసమని కట్టిన ఆ వాలు మీద ఇప్పుడు మా వీధి ఆడవాళ్ళం గుమ్మడి వడియాలు ఎండబెట్టుకుంటున్నాం. ఎండ బాగా తగులుతుంది, పిల్లలెవరూ అటు రారు. వడియాలకి అంత క్షేమమైన చోటు బెంగుళూరు మొత్తంలో మరొకటి ఉండదు!

మొన్న వేసవి సెలవుల్లో పన్నెండేళ్ళ మా మనవరాలు స్కేట్‌బోర్డు చంకన పెట్టుకుని వచ్చింది. వాళ్ళ అపార్టుమెంటు కింద కార్లు నిలిపేచోట ఆడుకుంటుంటే వాచ్‌మన్ తరిమేస్తున్నాడట. "అమ్మమ్మా, మీ పార్కులో ర్యాంపు ఉందన్నావుగా, పద" అని నన్ను లాక్కుపోయింది. రెండుసార్లు ఎక్కి దిగింది. మూడోసారి పడి మోచెయ్యి గీరుకుపోయింది.

పిల్లకి ఇంకా సరిగ్గా రాదు కాబోలు అనుకున్నాను. నా మొహం చూసి కనిపెట్టేసింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, వేలితో తడిమి మరీ చూపించింది. వాలు నేలని కలిసేచోట అరంగుళం ఎత్తున మెట్టులా ఉంది. స్కేట్‌బోర్డు చక్రం 50 నుంచి 60 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల పైచిలుకు. సైకిలు చక్రం లెక్కచెయ్యని గులకరాయి కూడా దాన్ని నిలబెట్టేస్తుంది. బోర్డు ఆగిపోతుంది, పిల్ల ముందుకు పడుతుంది. పైగా వాలు తిన్నగా ఉంది, ఇంట్లోకి స్కూటరు ఎక్కించుకునే ర్యాంపులాగా. కావలసింది మూకుడు లోపలి అంచులా నేలలోంచి వంపు తిరుగుతూ లేచేది. దిగాక వేగం తగ్గించుకోవడానికి జాగా లేదు, ఎదురుగా కాంపౌండు గోడ. దారి మధ్యలో వాననీటి జాలీ.

"కట్టేముందు స్కేటింగు చేసేవాళ్ళని ఎవరినైనా అడిగారా అమ్మమ్మా?"

అడగలేదు. ఆ కమిటీలో నేనూ ఉన్నాను. నమూనా కాగితం నా ముందుకీ వచ్చింది. బాగుందని సంతకం పెట్టాను.

అప్పటినుంచీ ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్ అనే నగరం ఉంది. వానలెక్కువ. అక్కడి బర్న్‌సైడ్ వంతెన తూర్పు కొస కింద 1990లో కొందరు కుర్రాళ్ళు ఎవరి అనుమతీ లేకుండా సిమెంటు కలిపి, గోడకి ఆనించి ఒక వంపు పోసుకున్నారు. వంతెనే వాళ్ళకి గొడుగు. ఆడి చూసుకుంటూ, సరిదిద్దుకుంటూ కొద్దికొద్దిగా పెంచుకుపోయారు. అంతకుముందు ఆ చోటు మత్తుమందుల వాళ్ళకి అడ్డాగా ఉండేది. కుర్రాళ్ళ రాకతో ఆ బెడద తగ్గిందని చుట్టుపక్కల వ్యాపారస్తులే వాళ్ళని వెనకేసుకొచ్చారు. చివరికి నగరపాలకులూ సరేనన్నారు. అక్కడ చేతులు కాయలు కాసేలా పనిచేసిన మార్క్ స్కాట్ తరువాత డ్రీమ్‌ల్యాండ్ అనే సంస్థ పెట్టి ఎన్నో ఊళ్ళకి స్కేట్‌పార్కులు కట్టాడు. ఆడినవాడే మేస్త్రీ అయ్యాడన్నమాట.

నావంటి పెద్దవాళ్ళు తెలుసుకోదగ్గ కథ ఫిలడెల్ఫియాది. అక్కడ ఊరి నడిబొడ్డున లవ్ పార్క్ అని ఒక చౌకు 1965లో వెలిసింది. దాని ఊహ ఎడ్మండ్ బేకన్ అనే నగర రూపశిల్పిది. ఆయన దాన్ని స్కేటింగు కోసం తలపెట్టలేదు. కానీ ఆ మెట్లూ, రాతి అరుగులూ స్కేటర్లకి నచ్చి, ప్రపంచం నలుమూలలా దానికి పేరొచ్చింది. నగరం వాళ్ళు అక్కడ స్కేటింగు నిషేధించారు. 2002 అక్టోబరులో, 92 ఏళ్ళ వయసులో, బేకన్ గారు తలకి హెల్మెట్ పెట్టుకుని, పక్కవాళ్ళు పట్టుకోగా, అదే చౌకులో స్కేట్‌బోర్డు ఎక్కి నిరసన తెలిపారు. తను కట్టినదాన్ని తను అనుకోని విధంగా వాడుకుంటున్న పిల్లల పక్షాన నిలబడటానికి ఎంత మనసుండాలి! నిషేధం అప్పుడు తొలగలేదు. కానీ స్కేటర్లు విడవకుండా సంఘం పెట్టుకుని, నిధులు పోగుచేసి, వాస్తుశిల్పితో కూర్చుని, 2013 నాటికి నదీతీరాన పెయిన్స్ పార్క్ సాధించుకున్నారు. అందులో మెట్లూ అరుగులే ఎక్కువ. ఆడనివాళ్ళు కూడా కూర్చుని చూడవచ్చు.

అంత దూరం పోనక్కరలేదు. మా బెంగుళూరు కుర్రాళ్ళే హోలీస్టోక్డ్ పేరిట జట్టుకట్టి, 2013లో తమ చేతులతో తామే ఒక స్కేట్‌పార్కు పోసుకున్నారు. తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉండగా మేం రోడ్ల కాంట్రాక్టరు మాట విన్నాం. మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గర జన్వార్ అనే పల్లెలో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ 2015లో పిల్లల కోసం స్కేట్‌పార్కు పెట్టించింది. నియమాలు రెండే: బడికి వెళ్ళనివాళ్ళకి బోర్డు లేదు, ఆడపిల్లలకి ముందు చోటు. ఆ ఊరి ఆదివాసీ అమ్మాయి ఆశా గోండ్ 2018లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీల దాకా వెళ్ళింది.

ఈ చదివిందంతా వడగడితే నాకు తేలింది ఇది. అడగటానికీ ఒక వేళ ఉంది. మట్టి ఆట అయితే తప్పు గీతని రేపు చెరపవచ్చు. కాంక్రీటు గట్టిపడ్డాక అడగటం చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమే. స్థలం చూసేటప్పుడే అడగాలి. పిల్లలకి బంకమట్టి ఇచ్చి వాళ్ళకి కావలసింది చేసి చూపమనాలి. గీసిన నమూనా మళ్ళీ వాళ్ళకే చూపించాలి. తాపీ ఆడించే రోజున ఆట తెలిసినవాళ్ళు ఒకరు పక్కన ఉండాలి. నునుపూ, వంపూ, అంచున పాతే ఇనపగొట్టం ఎంత పైకి రావాలనేదీ ఆడినవాళ్ళ కాలికి తెలిసినట్టు కాగితానికి తెలియదు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సమావేశం పెడితే పెద్ద కుర్రాళ్ళు ముందుకొచ్చి లోతైన గుంట కావాలంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళూ, ఆడపిల్లలూ వెనకే నిలబడతారు. వాళ్ళని విడిగా అడగాలి. మా మనవరాలిని అడిగితే మొదట చెప్పింది వంపు గురించి కాదు. "రోడ్డు మీదికి కనబడేచోట ఉండాలి అమ్మమ్మా, మూలన ఉంటే అమ్మ పంపదు" అంది. తరువాత నీళ్ళ కుళాయి, కాస్త నీడ. వంపు ఆ తరువాత.

పరాయి రాష్ట్రంలో మూడు తరాలుగా ఉంటున్నవాళ్ళం. మన పిల్లల బడి గురించి, మన భాష గురించి ఎవరో నిర్ణయం చేసేసి, మనల్ని మాటమాత్రం అడగలేదని ప్రతి ఉగాది సభలోనూ వాపోతాం. ఆ బాధ తెలిసినదాన్ని, పిల్లల ఆటస్థలం దగ్గరికి వచ్చేసరికి నేను చేసింది కూడా అదే కదా! అడగందే అమ్మయినా పెట్టదంటారు. పెట్టే అమ్మ కూడా ఏం కావాలో అడిగి పెట్టాలని నాకు ఇన్నాళ్ళకి తెలిసింది.

సెలవులు అయిపోయి వెళ్ళేముందు మా మనవరాలు సుద్దముక్క తెచ్చి ఆ వాలు మీద గీతలు గీసింది. ఎక్కడ పగలగొట్టాలో, ఎక్కడ వంపు తిప్పాలో, జాలీ ఎటు జరపాలో. ఆ సాయంత్రం మబ్బు పట్టింది. చినుకులు పడేలోగా నేను ఒక చేత్తో వడియాలు ఎత్తుకుని, రెండో చేత్తో ఆ గీతలన్నీ కాగితం మీదికి ఎక్కించుకున్నాను. వచ్చే నెల కమిటీలో ఆ కాగితం పెడతాను. కట్టింది పగలగొట్టటానికి డబ్బు దండగంటారు, తెలుసు. మూడేళ్ళ కిందట సంతకం పెట్టినదాన్ని నేనే గనక, నా సంజాయిషీతోనే మొదలుపెడతాను. ఈసారి మాట్లాడటానికి మాత్రం మనవరాలినే తీసుకెళ్తాను.

మీ ఊళ్ళలోనూ పిల్లల కోసం కట్టి, పిల్లలు తొక్కని చోట్లు ఉంటే ఒకసారి వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళి చూడండి. ఏం చెప్పారో నాకు రాయండి. వచ్చే సంచికలో ముచ్చటించుకుందాం.