ఫోన్లు మూగబోయిన రోజు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. లండన్ నుంచి అమ్మకు ఫోన్ చేస్తూనే ఉన్నాను. లైను కలవలేదు. ఆమె గొంతు విన్నది మూడో రోజున. అప్పటినుంచీ ఒకటే ప్రశ్న: టవర్లు కూలితే ఊరి కబురు మనకెలా అందుతుంది?

ఒక దారి హామ్ రేడియో. బ్యాటరీ, తీగ యాంటెన్నా ఉంటే పనిచేస్తుంది. షార్ట్‌వేవ్ తరంగాలు అయనోవరణం నుంచి వెనక్కి మళ్లి వందల కిలోమీటర్ల అవతల వినిపిస్తాయి. 2004 సునామీ వేళ అండమాన్ నుంచి హామ్‌లు కబుర్లు చేరవేసింది ఇలాగే.

వినడానికి మన ఇంట్లో రేడియో కూడా అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయం దగ్గరున్న రిసీవర్‌ను ఎవరైనా బ్రౌజర్‌లో తెరిచి, కావలసిన ఫ్రీక్వెన్సీ పెట్టుకుని వినొచ్చు. కానీ ఆంధ్ర తీరంలోని చిన్న సెట్టు మాట అంతదూరం చేరుతుందన్న భరోసా లేదు. అలాంటి రిసీవర్ హైదరాబాద్‌లో పెడితే? విశాఖలో నెట్ పోయినా, అక్కడి హామ్ మాటను అందుకుని నెట్ ద్వారా మనకు వినిపించగలదు.

అమ్మ గొంతు అందులో వినిపించకపోవచ్చు. ఏ రోడ్డు తెగిందో, ఏ పేట మునిగిందో తెలుస్తుంది. ఆ రాత్రికి అదే కొండంత ధైర్యం.

మన తెలుగు సంఘాలు ఏటా వేడుకలకు పెట్టే ఖర్చులో కొంత తీసి, అక్కడి హామ్‌లతో, ఒక ఇంజనీరింగ్ కళాశాలతో కలిసి, నిబంధనల ప్రకారం ఈ పని చేపట్టాలని నా మనవి. తుపాను హెచ్చరిక వచ్చాక యాంటెన్నా కట్టలేం.