ఎలుక వాఙ్మూలము

రక్తమునందలి కొలెస్టరాలును తగ్గించు స్టాటిను జాతి మందులను, డిప్రెషను అను మనోవ్యాధికి వాడుచున్న మందునకు తోడుగా ఈయవచ్చునా యని ప్రయోగశాలలలో ఎలుకలను విచారించుచున్నారు. ఈ విచారణ ఇంక నెంతకాలము సాగవలయునన్నదే మా ప్రశ్న.

విచారణ జరుగు విధము చదువరులెరుంగుట మంచిది. 1977లో పోర్సోల్టు అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును దీనిని ప్రకటించిరి. పైకి ప్రాకి పోవుటకు వీలులేని గాజుపాత్రలో నీరు నింపి అందు ఎలుకను విడుతురు. మొదటిదినమున పదునైదు నిమిషములు, మరునాడు ఐదు నిమిషములు. ఎంతసేపు ఈదినది, ఎంతసేపు కదలక తేలినది గడియారము పట్టి లెక్కింతురు. కదలక తేలుట నిరాశ యట! మందు పుచ్చుకొన్న ఎలుక మరికొంతసేపు ఈదినచో మందు ఫలించెనని వ్రాసికొందురు. అది నిజముగా ఆశ వదలుకొన్నదో, ఈదినను గట్టు లేదని గ్రహించి బలము దాచుకొన్నదో ఎవరు చెప్పగలరు? మనుష్యునియందు ఈ మందులు గుణము చూపుటకు వారములు పట్టును. ఎలుకకో, ఒక ఈతకును మరియొక ఈతకును నడుమ మూడు సూదులు వేసి, మరునాడే ఫలితము తేల్తురు.

అయినను ఈ ఊహ వెఱ్ఱి ఊహ యని మేమనము. డిప్రెషనుతో బాధపడు కొందరి దేహములందు వాపును తెలుపు గుర్తులు హెచ్చుగా నుండును. స్టాటినులు ఆ గుర్తులను తగ్గించును. మామూలు మందులతో కుదుటపడని రోగులు అనేకులు గలరు. చవుకగా దొరకునట్టియు, చిరకాలముగా వాడుకలో నున్నట్టియు మందు వారికి తోడ్పడునేమో యని వెదకుట న్యాయమే. 2009లో అమెరికాలోని పరిశోధకులు ఎలుకలకు ఫ్లూఓక్సెటీనుతో లోవాస్టాటినును చేర్చి యిచ్చి, మొదటిదాని బలము హెచ్చినదని ప్రకటించిరి. వ్యాజ్యము దాఖలగుటకు అంతమాత్రపు సాక్ష్యము చాలును. తీర్పునకు చాలదు.

అదియునుగాక, ఈ సాక్షి ఈ మందుల విషయముననే పూర్వమొకమారు తప్పుదారి పట్టించినది. జపానుదేశమున అకీరా ఎండో యను పరిశోధకుడు 1973లో ఒక బూజునుండి కాంపాక్టిను అను పదార్థమును తీసెను. స్టాటినులన్నిటికిని అదియే మూలము. దానిని ఎలుకలకీయగా రక్తములోని కొలెస్టరాలు తగ్గనేలేదు. మందు ఏ ఎంజైమును అణచునో దానినే ఎలుక కాలేయము మఱింత విరివిగా తయారుచేసికొనును. ఆ మాటయే తుదిమాటయని నమ్మియున్నచో నేడు కోట్లమంది గుండెజబ్బు తప్పించుకొనుటకు మ్రింగుచున్న మాత్ర పుట్టియే యుండదు. 1976లో ఆయన తోడి ఉద్యోగి యొకడు గుడ్లుపెట్టు కోళ్లకు దానినిచ్చి చూచెను. కొలెస్టరాలు ఇంచుమించు సగమునకు దిగినది! పిమ్మట కుక్కలయందును తగ్గెను. 1987లో లోవాస్టాటిను అమెరికాలో విక్రయమునకు అనుమతి పొందెను. కోడి చెప్పిన నిజమును ఎలుక చెప్పలేకపోయినది. అందు ఎలుక దోషము లేదు. దానిని తనకు తెలియని సంగతి అడిగినవారిదే దోషము.

ఇక మనుష్యులయందు ఏమి తేలినది? మొదట ఆశ కలిగినది. 2013లో ఇరానుదేశమున 68 మంది రోగులపై జరిగిన పరీక్షలో లోవాస్టాటిను తోడై మేలు చేసినట్లు కనబడెను. పిమ్మట పెద్ద పరీక్షలు వచ్చినవి. మామూలు మందులకు లొంగని వ్యాధిగల 150 మందికి పాకిస్తానులో పండ్రెండు వారములు సింవాస్టాటిను నిచ్చి, 2023లో ఫలితము ప్రకటించిరి: ఉత్తుత్తి మాత్ర కంటె మేలు లేదు. 2025లో జర్మనీవారు స్థూలకాయముతోపాటు డిప్రెషను గల సుమారు 160 మందిని పరీక్షించి అదే మాట చెప్పిరి. అచ్చట కొలెస్టరాలు తగ్గినది, వాపు గుర్తు తగ్గినది, మనసులోని బరువు మాత్రము అదనముగా తగ్గలేదు. మందు రక్తములో తన పని తాను చేసినది గనుక, మోతాదు చాలలేదని తప్పించుకొనుటయు సులభము కాదు.

రెండు పెద్ద పరీక్షలు ఒకేమాట చెప్పిన పిదప, క్రింది కోర్టులో అదే సాక్షిని మరల బోనెక్కించి అవే ప్రశ్నలడుగు ప్లీడరును న్యాయాధిపతి సహించునా? చిట్టెలుకను గాజుపాత్రలో వేసి, మరియొక స్టాటినును మరియొక మందుతో జతపరచి, ఒక వ్యాసము వ్రాసి పట్టము సంపాదించుట సులభమే. ఆ వ్యాసము ఏ రోగికి పనికివచ్చును? ఏ స్టాటిను మెదడులోనికి ఎంత చేరును, వాపు హెచ్చుగా నున్న రోగులకు మాత్రమే ఫలమున్నదా వంటి క్రొత్త ప్రశ్నలున్నచో అడుగుడు. వానిలో కొన్నిటికి ఎలుక ఉత్తరము చెప్పగలదు; నీటిలో త్రోయనక్కరలేకయే చెప్పగలదు.

మనదేశమున 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, సాధ్యమైనచోటులనెల్ల జంతువులపై ప్రయోగములను మానుకొనవలెనని నిర్దేశించుచున్నది. మందుల కళాశాలలలో ఇట్టి ప్రయోగములకు అనుమతినిచ్చు నైతిక సంఘములు కలవు; వానిలో శాస్త్రజ్ఞులు కాని సభ్యులకును స్థానమున్నది. ఆ సభ్యులు కాగితముపై సంతకము చేయుటకు ముందు ఒక్కమాట అడుగవలెను: 2023, 2025 సంవత్సరముల ఫలితములను మీరు చదివితిరా, అందు తేలని దేనిని ఈ ఎలుకలు తేల్చును? ఉత్తరము రానిచో దరఖాస్తును తిప్పిపంపుటకు వారికి అధికారము కలదు.