లెక్క మానేశారు, పంపకం మానలేదు

లెక్కపెడితే చీలిపోతామట, అడగడం మానేస్తే కులమూ జాతీ వాటంతటవే చెరిగిపోతాయట. కేంద్రం 2025లో కులగణనకు ఒప్పుకున్న తర్వాత కూడా ఈ వాదన చావలేదు. ఈ మందు వాడి చూసిన దేశం ఒకటుంది. అది మారిషస్. ఉగాదికి సెలవిస్తుందనీ, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపిందనీ మనం మురిసిపోయే దేశమే. అక్కడ సీట్లు ఎలా పంచుతారో మాత్రం మన వక్తలకు పట్టదు.

1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికే అక్కడి రాజ్యాంగం జనాన్ని నాలుగు గడుల్లో పెట్టింది. హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, మిగిలినదంతా 'సాధారణ జనాభా'. ఎన్నికల్లో ఓడినవారిలో మెరుగైన ఓట్లు తెచ్చుకున్న కొందరిని, సభలో ప్రాతినిధ్యం తగ్గిన సముదాయాల నుంచి ఏరి కూర్చోబెడతారు. 'బెస్ట్ లూజర్' పద్ధతి అంటారు. ఇలాంటి సీట్లు ఎనిమిది దాకా ఉంటాయి. ఎవరికి ఎంత తగ్గిందో తేల్చడానికి జనాభా లెక్క కావాలి కదా. వాళ్లు చూసే లెక్క 1972 నాటిది.

పొరపాటున మిగిలిపోయింది కాదు. 1982లో జనగణన నుంచి సముదాయం ప్రశ్న ఎత్తేశారు. అందరం మారిషస్ వాళ్లమే అన్నారు, బాగుంది. సీట్లు మాత్రం ఎత్తేయలేదు. పైగా ఇకమీదట 1972 లెక్కే ప్రమాణమని రాజ్యాంగంలో రాసుకున్నారు. అప్పటి జనాభా సుమారు 8 లక్షలు, ఇప్పుడు 12 లక్షలు దాటింది. 1972లో పుట్టినవాళ్లకే యాభై నిండిపోయాయి.

నామినేషన్ పత్రం చూస్తే ఇంకా విడ్డూరం. అభ్యర్థి తన సముదాయం ప్రకటించాలి. జీవన విధానాన్ని బట్టి మిగతా మూడింటిలో దేనికీ చెందనట్టు కనిపించే వాళ్లంతా 'సాధారణ జనాభా'. అంటే ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవారి వారసులూ, ఆ బానిసలను కొని చెరకు తోటల్లో పని చేయించుకున్న ఫ్రెంచి యజమానుల వారసులూ ఒకే గడి! ఆ బానిసల వారసులైన క్రియోల్‌ల గోడు 2011లో అక్కడి సత్య న్యాయ కమిషన్ నివేదికకెక్కింది. కానీ సీట్లు పంచే జాబితాలో వాళ్లకంటూ ఒక వరుస లేదు. కోరంగి రేవు పేరుతో అక్కడ 'కోరంగీలు' అయిన మనవాళ్లకూ లేదు. తమిళులతో, మరాఠీలతో పాటు హిందువుల గడిలో కలిసిపోయారు.

సముదాయం చెప్పం అన్న కొందరి నామినేషన్లు 2005లో చెల్లకుండా పోయాయి. వాళ్లు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్లారు. తాజా లెక్కలు లేకుండా మనుషులను ఇలా తప్పనిసరిగా వర్గీకరించడం నిరంకుశమని 2012లో కమిటీ తేల్చింది. ప్రభుత్వం ఏం చేసింది? 2014లో ఆ ఒక్క ఎన్నికకు మినహాయింపు ఇచ్చి చేతులు దులుపుకుంది. 1972 అలాగే ఉంది.

ఈ పద్ధతి వల్ల మేలే లేదనను. 1968 జనవరిలో పోర్ట్ లూయీ వీధుల్లో క్రియోల్, ముస్లిం ముఠాలు కొట్టుకున్నాయి. చిన్న సముదాయాలకు సభలో చోటుందన్న భరోసా అవసరమే. ఆ భరోసాకు 1972 దేనికి?

మళ్లీ లెక్కపెడితే గాయాలు రేగుతాయని అక్కడి పెద్దలు అంటారు. అడగడం మానేసిన పదిహేడేళ్లకు, 1999 ఫిబ్రవరిలో, గాయకుడు కాయా పోలీసు కస్టడీలో చనిపోతే క్రియోల్ పేటలు ఎందుకు భగ్గుమన్నాయి మరి? ఏ నియోజకవర్గంలో ఏ వర్గం మనిషిని నిలబెట్టాలో పార్టీలు ఎందుకు చూసుకుంటున్నాయి? లెక్క పార్టీ ఆఫీసుల్లో ఉంటుంది, టిక్కెట్లు పంచేవాళ్ల నోట్లో ఉంటుంది. లేనిదల్లా జనం చూడగలిగే చోటే.

మనం నవ్వుకోనక్కర్లేదు. వెనుకబడిన తరగతులు 52 శాతమని 1980లో మండల్ కమిషన్ అంచనా కట్టింది 1931 లెక్కల మీదే. దాన్ని పట్టుకునే దశాబ్దాలుగా కొట్లాడుకుంటున్నాం. కులగణన వద్దనే పెద్దమనుషులు ఆ మాటతో ఆగకూడదు, రిజర్వేషన్లూ వద్దని బహిరంగంగా చెప్పాలి. ఆ ధైర్యం లేకపోతే ఎన్యూమరేటర్ ఇంటికొచ్చినప్పుడు తలుపు తీసి జవాబు చెప్పాలి.