ఆరేళ్ళు నలభైరెండు



మా ఇబ్రహీంపట్నంలో (కృష్ణ ఒడ్డున ఉన్నది, హైదరాబాదు దగ్గరిది కాదు) సాయంత్రం వేళ మా అరుగు మీదికి నలుగురైదుగురు పిల్లలు చేరుతూంటారు. మొన్న నాలుగో తరగతి బాలుడొకడు ఏడో ఎక్కం ఊపిరి తిప్పుకోకుండా ఒప్పగించాడు: "సెవెన్ వన్ జ సెవెన్, సెవెన్ టూ జ ఫోర్టీన్..." ఎక్కడా తప్పు పోలేదు. "ఈ 'జ' ఏమిటిరా?" అన్నాను. "ఎక్కంలో వస్తుంది తాతగారూ" అన్నాడు. 'వన్స్ ఆర్', 'టూస్ ఆర్' అనే మాటలు మన నోళ్ళలో నలిగి 'జ' అయినాయి. ఆంగ్లంలోనూ అక్కడున్నది బహువచనమే, కాని మన పిల్లవాడి చెవికి అది చేరదు. పెట్టెకు ఎనిమిది చొప్పున ఏడు పెట్టెలలో కొండపల్లి బొమ్మలెన్ని అని అడిగితే, "కూడాలా, తీసివేయాలా?" అని నా ముఖం చూశాడు.

మన ఎక్కాలలో ఆ చిక్కు లేదు. పండు పళ్ళయినట్లు రెండు రెళ్ళవుతుంది. బడి బళ్ళయినట్లు మూడు మూళ్ళు, ఏడు ఏళ్ళు. ఆరేళ్ళు అంటే ఏడు అనే వస్తువులు ఆరు. గుణకారమంటే ఏమిటో వేరే నిర్వచనం అక్కరలేదు, 'లు'వర్ణమే చెబుతోంది. నలభై యేళ్ళు బహువచన సంధికార్యాలు బోధించిన నాకే ఇది ఉద్యోగ విరమణ తరువాత గాని తట్టలేదు!

వల్లెవేత వద్దని నేననను. అమరం వల్లెవేసి బ్రతికినవాడిని. అయితే వల్లెవేతకు ముందు జరగవలసినది ఒకటుంది. అది తెలియక చేసిన పాపమొకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో, లెక్కల మాస్టారు లేనందున ఆ తరగతి కూడా నాకు అంటగట్టారు. ఏడెనిమిదులెంత అని ఒక బాలికను అడిగాను. వెంటనే చెప్పలేదు. వేళ్ళు ముడుచుకుంటూ "నాలుగెనిమిదులు ముప్పైరెండు, మూడెనిమిదులు ఇరవైనాలుగు" అని గొణుగుతోంది. ఎక్కం రాలేదని బెత్తం వేశాను. యాభైయారు అన్న జవాబు దెబ్బ తరువాత వచ్చింది. పై తరగతుల పుస్తకాలలో విభాగ న్యాయమని పేరుపెట్టి నేర్పేది అదేనని నాకప్పుడు తెలియదు. 2009 విద్యాహక్కు చట్టం బెత్తాన్ని మాన్పించింది గాని, తడుముకోకుండా చెప్పడమే తెలివి అనుకునే అలవాటు ఇళ్ళలోనూ బళ్ళలోనూ అలాగే ఉన్నది.

ఇప్పుడు మా అరుగు మీద చింతగింజలున్నాయి. మూడు వరుసలలో నాలుగేసి పేర్పించి, ఇటు తిరిగి కూర్చోమంటాను. నాలుగు వరుసలలో మూడేసి కనిపిస్తాయి. పదో ఎక్కం వరకు నూరు గుణకారాలని పిల్లలు బెదురుతారు. తిరగేసినా ఒకటే అని తెలిస్తే అవి యాభైయైదే. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు ఎలాగూ తేలిక. వాటిని తీసివేస్తే మిగిలేవి ఇరవైయొకటి. రోజుకొకటి చొప్పున మూడు వారాలు. మూడేళ్ళు ఇరవైయొకటి కదా!

పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పద్యాలలో తెనిగించిన సంగతి మీకు తెలిసినదే. ఆ మహావీరుడు 142857143ను 7తో హెచ్చిస్తే 1000000001 వస్తుందని చూపి, దానిని రాజకంఠహారమన్నాడు. లెక్కను నగగా చూసిన మనవాళ్ళ వారసులకు లెక్క అంటే జ్వరం రావడమేమిటో.

మన రాష్ట్రంలో 2020-21 నుంచి ఒకవైపు తెలుగు, ఒకవైపు ఆంగ్లంతో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం వివాదం ఈ టపాలో తెమిలేది కాదు. నేను కోరేది ఒక్కటే. బడి ఏ భాషలో నడిచినా, ఎక్కం మొదట తెలుగులో నోటికి రావాలి. ఆంగ్లంలో తరువాత చెప్పుకోవచ్చు, అడ్డేమీ లేదు.

నిన్న అదే బాలుడిని, ఎదురుగా కనబడుతున్న థర్మల్ కేంద్రం పొగగొట్టాలు చూపి అడిగాను. 1979 - 1995 మధ్య వచ్చిన యూనిట్లు ఆరు, ఒక్కొక్కటి 210 మెగావాట్లు, మొత్తమెంత? కాసేపు గింజలతో ఆడి, "ఆర్రెళ్ళు పన్నెండు కాబట్టి పన్నెండు వందలు, ఆరు పదులు అరవై, వెయ్యిన్ని రెండువందల అరవై" అన్నాడు. తొందరపెట్టకుండా కూర్చున్నాను. ఆ తరువాత 2009లో 500, 2023లో 800 మెగావాట్ల యూనిట్లు వచ్చాయన్నాను.

"వీటికి ఎక్కం అక్కరలేదు తాతగారూ, కూడితే చాలు" అన్నాడు.