కంచం చూసి కొలవొద్దు

అమెరికాలో విశ్వాసుల వెంట మేమొక ఏషియన్ గ్రోసరీ స్టోర్‌కు వెళ్లాం. గాజు తొట్లలో ప్రాణమున్న పీతలు, పంజాలకు రబ్బరు బ్యాండ్లు వేసిన లాబ్‌స్టర్లు, కప్పలు. పక్కనే సున్నం, ఉప్పు, బూడిదల్లో వారాల తరబడి ఊరి నల్లబడిన బాతుగుడ్లు. మేము ముఖం తిప్పుకున్నాం. ఒక చైనా అవ్వ మాత్రం, మన అమ్మలు ఆవకాయకు మామిడికాయలు ఏరినంత శ్రద్ధగా ఆ గుడ్లు ఏరుకుంటోంది. మాకు సిగ్గేసింది.

యొప్పేలో పేతురు కూడా దుప్పటిలో దిగివచ్చిన జంతువులను చూసి తిననన్నాడు. ఆ దర్శనం తిండి గురించి మాత్రమే కాదని, అన్యుడైన కొర్నేలీ గడప తొక్కడానికని తర్వాత గ్రహించాడు (అపొ.కా.10).

తినే మాంసాన్ని బట్టి అద్దె ఇల్లు నిరాకరించేవారు మన మధ్య ఉన్నారు. బాధేమంటే, ఒకే రొట్టె విరిచే మన సంఘాల్లోనూ ఆ చూపుంది. పొరుగువారి కూర మనం తిననక్కర్లేదు. వారి గడప మాత్రం తొక్కాలి.